పాత మోడల్ స్టీమ్ ఇంజిన్‌కి అరిగిన చక్రాలు: విప్పడం నుంచి మళ్లీ పరుగెత్తించేదాకా

పాత మోడల్ ఇంజిన్ కుంటుతూ నడుస్తున్నా, పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు రెండు దారులుగా చీలే చోట, ఎగిరి పడుతున్నా, నాలుగు పెట్టెలు తగిలించగానే ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ నిలబడిపోతున్నా చాలామంది ముందు మోటారు మీద పడతారు. బ్రష్‌లు మారుస్తారు, అయస్కాంతం బలం పోయిందంటారు, పట్టాలు రుద్ది రుద్ది అరగదీస్తారు. చక్రాన్ని తిరగేసి చూడటం మాత్రం అందరికీ ఆఖర్న గుర్తొస్తుంది.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా 16.5 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మీద కరెంటుతో నడిచే ఓఓ, హెచ్‌ఓ అనే సైజుల మోడళ్ల గురించి. నిజంగా ఆవిరితో నడిచే పెద్ద మోడళ్ల పద్ధతి కొంచెం వేరు, వాటి సంగతి చివర్లో ఉంది. ఏ సైజు అయినా ఒక్కటి ముందే మనసులో పెట్టుకోండి: స్టీమ్ ఇంజిన్‌లో డ్రైవింగ్ చక్రం విడిగా తిరగదు. చక్రాల్ని పక్కనుంచి కలిపే కప్లింగ్ రాడ్ అన్నిటినీ కట్టిపడేస్తుంది కాబట్టి ఒక్కదాన్ని ముట్టుకున్నారంటే మిగతా అన్నిటినీ దానికి సరిచేయాల్సిందే. "ఒక చక్రం మాత్రం బాగుచేసి మిగతావి వదిలేద్దాం" అనుకునేవాళ్లు అసలు విప్పకపోవడమే మంచిది.

అరిగింది చక్రమేనా?

ముందు బాడీ తీసి ఛాసిస్‌ని తలకిందులుగా మెత్తటి గుడ్డ మీదో ఫోమ్ మీదో పెట్టి మంచి వెలుతురులో చూడండి, భూతద్దం ఉంటే ఇంకా మంచిది. చక్రంలో పట్టా మీద ఆనే భాగాన్ని ట్రెడ్ అంటారు, పక్కన లేచి ఉండే అంచు ఫ్లాంజ్. ట్రెడ్ మీద నికెల్ పూత పోయి పసుపు రంగు ఇత్తడి బయటపడటం మామూలుగా కనిపించే మొదటి లక్షణం. పూత పోయినచోట మురికి తొందరగా పడుతుంది, మురికి వల్ల నిప్పురవ్వలు వస్తాయి, ఆ రవ్వల వల్ల సన్నటి గుంటలు పడతాయి, గుంటల్లో ఇంకాస్త మురికి చేరుతుంది. ఇలా ఒకసారి మొదలైందంటే అరుగుదల తనంతట తానే పెరుగుతూ పోతుంది.

తర్వాత గోటిని ట్రెడ్ మీద అడ్డంగా, ఫ్లాంజ్ నుంచి బయటి వైపుకి, మెల్లగా లాగి చూడండి. మధ్యలో గోరు తట్టుకుంటే అక్కడ గాడి పడినట్టే. ఫ్లాంజ్ కొన కత్తిలా పలచబడిందా, గుండ్రంగానే ఉందా చూడండి. పదునెక్కిన ఫ్లాంజ్ పాయింట్ బ్లేడు సందులో దూరి ఇంజిన్‌ని పట్టాలు తప్పిస్తుంది. ఇక చక్రాన్ని వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. చక్రంతో పాటు ఇరుసు కూడా ఊగితే అరిగింది ఛాసిస్‌లోని బేరింగ్ రంధ్రం. ఇరుసు కదలకుండా చక్రం ఒక్కటే ఊగితే అది ఇరుసు మీద వదులైంది. ఈ రెండిటికీ ట్రెడ్ ఎంత రుద్దినా ఉపయోగం లేదు.

ఇంకో జబ్బు ఉంది, దానికి మందు లేదు. పాత మోడళ్లలో చాలా చక్రాలు జింక్ మిశ్రమంతో పోతపోసినవి, వీటిని మజాక్ అనీ జమాక్ అనీ అంటారు. పోతపోసినప్పుడు అందులో సీసం లాంటి మలినాలు ఎక్కువగా కలిసి ఉంటే కొన్నేళ్లకి లోహం లోలోపలే చిట్లిపోతుంది. పైన వెంట్రుకల్లాంటి పగుళ్లు, చక్రం కాస్త ఉబ్బినట్టు కనిపించడం, అంచు దగ్గర పొడిగా రాలడం దీని గుర్తులు. ఇలాంటి చక్రాన్ని జిగురుతో అతికించకండి, లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) మీద అసలు పెట్టకండి, తిరుగుతూనే ముక్కలవుతుంది. కొత్త చక్రాలు తెచ్చుకోవడమే దారి.

విప్పేముందు కొలతలు

వెర్నియర్ క్యాలిపర్, అది కూడా డిజిటల్‌ది, తప్పనిసరి. చక్రాలు లాగే చిన్న పుల్లర్, మల్టీమీటర్, సన్నటి స్క్రూడ్రైవర్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చిన్న డబ్బాలు దగ్గర పెట్టుకోండి.

అన్నివైపుల నుంచీ ఫోటోలు తీయండి, ముఖ్యంగా రెండు పక్కలా క్రాంక్ పిన్లు (చక్రానికి రాడ్ తగిలించే పిన్లు) ఏ స్థానంలో ఉన్నాయో కనిపించేలా. ఏ చక్రం ఎడమ, ఏది కుడి, ఏ ఇరుసుది, అన్నీ మార్కర్‌తో చక్రం వెనకవైపు రాసుకోండి. రెండు పట్టాల మోడళ్లలో కొన్ని ఇంజిన్లకి ఒక పక్క చక్రాలకే ఇన్సులేషన్ ఉంటుంది. తారుమారు చేసి బిగించారంటే పవర్ ఇచ్చిన మరుక్షణం షార్ట్ సర్క్యూటే.

ఇప్పుడు రెండు కొలతలు. మొదటిది ఒకే ఇరుసు మీది రెండు చక్రాల వెనక ముఖాల మధ్య దూరం, దీన్నే బ్యాక్ టు బ్యాక్ అంటారు. ఈ కాలపు ఓఓ, హెచ్‌ఓ పట్టాల మీద ఇది 14.4 నుంచి 14.5 మి.మీ. దాకా ఉంటే హాయిగా నడుస్తుంది. పాత మోడళ్లలో 14 దగ్గర్లో, ఒక్కోసారి ఇంకా తక్కువే ఉంటుంది. తక్కువైతే పాయింట్ల దగ్గర చక్రాల వెనక ముఖాలు చెక్ రైలుకి (పట్టా పక్కన దారి చూపే చిన్న పట్టాకి) పట్టేసి ఇంజిన్ పైకి లేస్తుంది, మరీ ఎక్కువైతే ఫ్లాంజ్ వెళ్లి క్రాసింగ్ ముక్కుకి (రెండు పట్టాలు కలిసే మొనకి) గుద్దుకుంటుంది. చక్రం అరిగిపోయిందని తీర్పు ఇచ్చేసిన ఇంజిన్లలో చాలావాటికి అసలు రోగం ఈ దూరమే. కొలవండి, సరిచేయండి, ఒకసారి నడిపి చూడండి, చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది.

రెండోది ప్రతి చక్రం ట్రెడ్ వ్యాసం. ట్రెడ్ బల్లపరుపుగా ఉండదు, బయటి వైపుకి సుమారు 3 డిగ్రీల వాలు ఉంటుంది కాబట్టి అన్ని చక్రాలనీ ఫ్లాంజ్ నుంచి ఒకే దూరంలో కొలవాలి, లేకపోతే అంకెలు మిమ్మల్ని మోసం చేస్తాయి. కప్లింగ్ రాడ్‌తో కట్టిన చక్రాల్లో ఒకటి 20 మి.మీ., ఇంకొకటి 19.8 మి.మీ. ఉన్నాయనుకోండి. ఒక్కో చుట్టుకి వాటి మధ్య తేడా 0.63 మి.మీ. వస్తుంది, మీటరు దూరం వెళ్లేలోపు ఏదో ఒక చక్రం మొత్తం సెంటీమీటరు మేర పట్టా మీద ఈడ్చుకుంటూ పోవాల్సిందే. లాగే శక్తి తగ్గేదీ, ట్రెడ్ మళ్లీ అరిగేదీ అందుకే.

చక్రాలు తీయడం

ముందు క్రాంక్ పిన్ స్క్రూలు తీసి కప్లింగ్ రాడ్లు, సిలిండర్ వైపు నుంచి వచ్చే కనెక్టింగ్ రాడ్లు విప్పండి. వాషర్లు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో డబ్బాలో పెట్టుకోండి. కొన్ని మోడళ్లలో అడుగు ప్లేట్ విప్పితే ఇరుసుతో సహా చక్రాల జత కిందికి వచ్చేస్తుంది, అలా వచ్చిందంటే సగం టెన్షన్ తీరినట్టే, చక్రాన్ని ఇరుసు నుంచి విడదీసే అవసరమే రాకపోవచ్చు. రాకపోతే పుల్లర్ వాడాలి. పుల్లర్ కాళ్లు చక్రం బొడ్డు వెనక, ఇరుసుకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా పట్టాలి. అంచుని పట్టి లాగితే స్పోకులు వంగుతాయి, ఇన్సులేషన్ బుష్ (కరెంటు పోకుండా ఇరుసు చుట్టూ ఉండే గొట్టం) పగులుతుంది. స్క్రూడ్రైవర్‌ని ఛాసిస్‌కి ఆనించి చక్రాన్ని మీటి లేపడం అనే పని దయచేసి చేయొద్దు, ఒక్క పావు నిమిషం ఆదా చేసుకుని చక్రాన్ని జన్మలో సరికానంత వంకర చేసుకోవడం అది.

రుద్దితే సరిపోయే చక్రాలు

పూత అక్కడక్కడా పోయి, గుంటలు సన్నగా ఉండి, గోటికి గాడి తగలకపోతే లేత్ దాకా పోనక్కర్లేదు. ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో పేరుకున్న నల్లటి మురికిని పూర్తిగా తీసేయండి. గట్టిపడిన దాన్ని అగ్గిపుల్లలాంటి చెక్క ముక్కతో గీకండి, బ్లేడుతో కాదు. తర్వాత ఇరుసుని డ్రిల్ చక్‌లో మెత్తగా బిగించి, నెమ్మదిగా తిప్పుతూ, ట్రెడ్‌కి 1500 లేదా 2000 నంబరు తడి ఎమెరీ పేపర్ ఆనించి, చివర్న లోహాన్ని మెరిపించే పాలిష్ పెట్టండి. ఎంత నున్నగా ఉంటే అంత తక్కువ మురికి పడుతుంది. ముతక పేపర్ వాడితే చూడ్డానికి మెరుస్తుంది గానీ ఆ గీతలన్నీ మురికికి ఇళ్లు. స్టీల్ ఊల్ మాత్రం ఛాసిస్ దరిదాపుల్లోకి తేకండి, దాని నూగు మోటారు అయస్కాంతానికి అంటుకుని లోపలికి చేరి మోటారుని కాల్చేస్తుంది.

రబ్బరు టైరు ఉన్న చక్రాలైతే పాత రబ్బరు గట్టిపడి పగిలిపోయి ఉంటుంది. సూదితో తీసేసి, గాడి అడుగున వ్యాసం, గాడి వెడల్పు కొలిచి, గాడి కంటే కాస్త చిన్న టైరు ఎంచుకోండి. సాగి కూర్చున్నాక అది ట్రెడ్ కంటే పైకి లేవకూడదు, లేచిందంటే ఆ చక్రం మిగతావాటి కంటే పెద్దదైపోయి పైన చెప్పిన ఈడ్పులాట మళ్లీ మొదలవుతుంది. ఇంకో సంగతి, రబ్బరు చక్రం కరెంటు తీసుకోదు.

లేత్ మీద

గాడి పడిన ట్రెడ్‌కి లేత్ తప్ప వేరే మార్గం లేదు. మోటారుతో చక్రం తిరుగుతుండగా ఆకురాయి ఆనించి సరిచేస్తామనే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. చేత్తో ట్రెడ్ వాలు, ఫ్లాంజ్ మూల వంపు, గుండ్రం ఈ మూడూ ఒకేసారి కాపాడటం ఎవరివల్లా కాదు. పైగా ఇత్తడి పొడి అంతా గేర్లలోకి వెళ్తుంది.

అన్నిటికంటే ముఖ్యం కేంద్రం. చక్రాన్ని అరిగిన ట్రెడ్ పట్టుకుని చక్‌లో బిగిస్తే ఆ వంకరే కొత్త ట్రెడ్‌కీ వస్తుంది. వీలైతే చక్రం ఇరుసు మీద ఉండగానే ఇరుసుని కోలెట్‌లో (గుండ్రటి కడ్డీని చుట్టూ సమంగా పట్టే పట్టులో) పట్టండి. చక్రం విడిగా ఉంటే దాని రంధ్రానికి సరిగ్గా సరిపోయే మాండ్రెల్ (చక్రాన్ని తొడిగే కడ్డీ) తయారుచేసి, ఆ మాండ్రెల్‌ని చక్ నుంచి తీయకుండానే అన్ని చక్రాలూ ఒకదాని తర్వాత ఒకటి చేయండి.

ఎంత తీయాలి? అన్నిటికంటే ఎక్కువ అరిగిన చక్రం శుభ్రపడేంత, ఆ తర్వాత మిగతావన్నీ దాని కొలతకే దించాలి. బాగున్న చక్రాల్ని కోయడానికి చేతులు రావు, నిజమే, కానీ వేరే దారి లేదు. ఒక్కో కోత 0.05 మి.మీ.కి మించొద్దు. 20 మి.మీ. ఇత్తడి చక్రానికి నిమిషానికి 600 నుంచి 900 చుట్లు, స్టీల్ అయితే 400 చాలు. టూల్ చాలా పదునుగా ఉండాలి, ముక్కు గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే ట్రెడ్, ఫ్లాంజ్ కలిసేచోట లంబంగా మూల ఉండకూడదు, చిన్న వంపు ఉండాలి. ఆ వంపే చక్రాన్ని పట్టా మధ్యలో నిలబెడుతుంది. టూల్‌ని మోసే టాప్ స్లైడ్‌ని 3 డిగ్రీలు తిప్పి పెట్టుకుని దాంతోనే టూల్ నడిపితే వాలు దానంతట అదే వస్తుంది.

చాలామంది మర్చిపోయేది ఇక్కడే. ట్రెడ్ వ్యాసం తగ్గినప్పుడు ఫ్లాంజ్ అంతే ఉంటే దాని లోతు పెరిగినట్టు. వ్యాసార్థంలో 0.2 మి.మీ. తీశారంటే ఫ్లాంజ్ పట్టా అంచు నుంచి 0.2 మి.మీ. ఇంకా కిందికి దిగుతుంది. పాత మోడళ్ల ఫ్లాంజ్‌లు ముందే లోతైనవి. 2.54 మి.మీ. ఎత్తుండే కోడ్ 100 పట్టా మీద ఎలాగో సర్దుకున్నా, 1.9 మి.మీ. ఉండే కోడ్ 75 మీద పట్టాని పట్టుకునే బొడిపెలకి తగులుతూ టకటకమని శబ్దం చేస్తుంది. కాబట్టి ఫ్లాంజ్ కొనని కూడా అంతే తగ్గించి మళ్లీ గుండ్రం చేయండి.

లేత్ పనితో పూత మొత్తం పోతుంది. ఇత్తడి చక్రమైతే అలాగే పాలిష్ చేసి వాడుకోవచ్చు, కాకపోతే తరచుగా తుడవాల్సి వస్తుంది.

కొత్త టైరు వేయడం

అరుగుదల లోతుగా ఉండి, కోస్తే చక్రం మరీ చిన్నదైపోతుందనుకుంటే పాత ట్రెడ్, ఫ్లాంజ్ రెండూ కోసేసి టైరు అనే స్టీల్ రింగు ఎక్కించాలి. బండి చక్రానికి ఇనప పట్టా ఎక్కించినట్టే, కాకపోతే చిన్న మోడళ్లలో ప్లాస్టిక్ బుష్‌లు ఉంటాయి కాబట్టి వేడి చేయకుండా జిగురుతో బిగిస్తాం. పాత చక్రం అంచు మందంగా ఉంటేనే ఈ పని పెట్టుకోండి. కోసిన తర్వాత రింగుకి కనీసం 0.8 మి.మీ. మందం రావాలి, స్పోకుల చుట్టూ కొంత లోహం మిగలాలి. రింగు లోపలి వైపు, వెనక భాగంలో చిన్న మెట్టు ఉంచితే చక్రం దానికి ఆని నిటారుగా కూర్చుంటుంది.

రింగుకీ చక్రానికీ మధ్య వ్యాసంలో 0.05 నుంచి 0.1 మి.మీ. ఖాళీ ఉంచి, రెండు ముఖాల్నీ ఆల్కహాల్‌తో నూనె లేకుండా తుడిచి, లాక్‌టైట్ 638 లాంటి రిటైనింగ్ కాంపౌండ్ పూసి తిప్పుతూ దూర్చండి, ఒక రోజు వదిలేయండి. ఈ రకం జిగురు కొన్ని ప్లాస్టిక్‌లని పగలగొడుతుంది కాబట్టి బుష్ మీద పడకుండా చూసుకోవాలి. రింగుని ముందే పూర్తి ఆకారానికి కోసి అతికించకండి. కొంచెం పెద్దదిగా అతికించి, జిగురు గట్టిపడ్డాక చక్రం రంధ్రాన్నే కేంద్రంగా పెట్టుకుని ఆఖరి కోత వేస్తేనే అది నిజంగా గుండ్రంగా తిరుగుతుంది.

ఒక చిక్కుంది. ఆ జిగురు కరెంటుని ఆపుతుంది. కలెక్టర్ రేకు టైరు వెనక రాసుకుంటూ కరెంటు తీసుకునే చక్రమైతే ఇబ్బంది లేదు, కానీ టైరు నుంచి చక్రంలోకి, అక్కడినుంచి ఇరుసు మీదుగా ఛాసిస్‌కి కరెంటు పోవాల్సిన పక్క అయితే మల్టీమీటర్‌తో చూడాల్సిందే. కరెంటు పోవట్లేదంటే టైరు, చక్రం కలిసే గీత మీద సన్నటి రంధ్రం చేసి, సగం టైరులో సగం చక్రంలో ఉండేలా ఇత్తడి తీగ ముక్క బిగుతుగా కొట్టండి. ఆ తీగ కరెంటునీ కలుపుతుంది, టైరు జారకుండా మేకులానూ పనిచేస్తుంది.

వదులైన చక్రం, అరిగిన రంధ్రం

చక్రం ఇరుసు మీద వదులైతే అదే కాంపౌండ్ చాలు, కాకపోతే కింద చెప్పే క్రాంక్ పిన్ల కోణం సరిచూసుకునేదాకా పూయకండి. ప్లాస్టిక్ మధ్యభాగం పగిలిపోయి ఉంటే ఎంత జిగురు పెట్టినా నిలవదు, మార్చేయండి. ఛాసిస్ రంధ్రం కోలగా అరిగితే దాన్ని పెద్దది చేసి ఇత్తడి బుష్ వేయాలి. రెండు పక్కలా ఒకేసారి, ఒకే వరుసలో డ్రిల్ చేయకపోతే ఇరుసులు ఒకదానికొకటి సమాంతరంగా ఉండవు.

క్వార్టరింగ్

ఇంజిన్ నడుస్తుందా కుంటుతుందా తేలేది ఇక్కడే. రెండు సిలిండర్ల స్టీమ్ ఇంజిన్లలో ఎడమ క్రాంక్ పిన్, కుడి క్రాంక్ పిన్ ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో ఉంటాయి, ఒక పక్క పిస్టన్ చివరికంటా వెళ్లి ఆగినా రెండో పక్కది తోస్తుందని. ఈ కోణం కుదర్చడాన్నే క్వార్టరింగ్ అంటారు. మోడల్‌లో ఖచ్చితంగా 90 ఉండాలని పట్టుబట్టక్కర్లేదు. 88 వచ్చినా 92 వచ్చినా నడుస్తుంది, కానీ అన్ని ఇరుసుల మీదా అదే కోణం ఉండాలి. ఒకటి 90, ఇంకొకటి 88 అయితే ఇక అంతే, పట్టేస్తుంది.

ఇరుసు కొనలు చతురస్రంగా ఉండే రకం చక్రాలకి ఈ గొడవ తక్కువ, అన్ని ఇరుసుల మీదా ఒకే పక్క పిన్ ముందుండేలా బిగిస్తే 90 దానంతట అదే వస్తుంది. మామూలు గుండ్రటి ఇరుసైతే క్వార్టరింగ్ జిగ్ (చక్రాల్ని సరైన కోణంలో పట్టి ఉంచే సాధనం) కొనుక్కోవడమో చేసుకోవడమో ఉత్తమం. ఎక్కించేటప్పుడు సుత్తి వాడొద్దు. వైస్ దవడలకి మెత్తటి రేకులు వేసి గానీ, ఆపేసి ఉన్న డ్రిల్ ప్రెస్‌ని నొక్కే యంత్రంలా వాడి గానీ, బొడ్డు మీదే ఒత్తిడి పడేలా నెట్టండి. బ్యాక్ టు బ్యాక్ గేజ్ మధ్యలో పెట్టుకుంటే దూరం అక్కడే సరిపోతుంది.

గేరు ఉన్న ఇరుసుని ముందు బిగించి దాన్నే కొలబద్దగా పెట్టుకోండి. మోటారు గేరు విడదీసి, రెండు పక్కలా రాడ్లు వేసి, రెండో ఇరుసుని మాత్రం కలిపి, ఛాసిస్‌ని గాజు పలక మీద వేలితో ముందుకీ వెనక్కీ తోయండి. సాఫీగా పోయాకే మూడోది. మూడూ ఒకేసారి కలిపి ఎక్కడ పట్టేస్తోందో వెతకడం అంటే పనిగట్టుకుని తలనొప్పి తెచ్చుకోవడమే. ప్రతి చుట్టుకీ ఒకేచోట పట్టేస్తుంటే ఆ ఇరుసు మీది ఒక చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పి మళ్లీ తోయండి. ఎక్కువైందా, వెనక్కి. ఇక్కడ ఓపిక తప్ప వేరే సాధనం లేదు. రాడ్ రంధ్రాన్ని పెద్దది చేస్తే పట్టేయడం పోతుంది నిజమే, కానీ 0.1 మి.మీ. దాటితే అది దాచిపెట్టిన తప్పే, వేగం పెరిగినప్పుడు రాడ్లు గడగడలాడి బయటపెడుతుంది.

అంతా సాఫీగా ఉంటే అప్పుడు కాంపౌండ్ చుక్క, ఎండాక గేరు, కలెక్టర్ రేకులు. పవర్ ఇచ్చేముందు రెండు పక్కల చక్రాల మధ్య మల్టీమీటర్‌తో షార్ట్ లేదని చూసుకోండి. బేరింగుల్లో, క్రాంక్ పిన్ల మీద సూది కొనతో ఒక్కో చుక్క నూనె చాలు, ట్రెడ్‌కి అంటిందంటే చేసిందంతా జారుడు పాలు. మొదట పెట్టెలు లేకుండా, నెమ్మదిగా, రెండు దిక్కులా అరగంట చొప్పున నడిపి, తర్వాత ట్రెడ్‌లు తుడిచి చూడండి. ఒక చక్రం మీదే నల్లగీత గట్టిగా పడుతుంటే అది మిగతావాటితో కొలత కలవక ఈడ్చుకుంటోందన్నమాట, మళ్లీ క్యాలిపర్ తీయండి.

నిజం ఆవిరి మోడళ్లు

ఐదంగుళాల గేజ్ లాంటి పెద్ద మోడళ్లకి చక్రాలు సాధారణంగా పోత ఇనుముతో ఉంటాయి. వాటి ట్రెడ్ మధ్యలో పల్లంగా, ఫ్లాంజ్ పలచగా అరుగుతుంది. కోత నియమాలు అవే, వేగమే వేరు. 100 మి.మీ. పోత ఇనుప చక్రానికి హైస్పీడ్ స్టీల్ టూల్‌తో నిమిషానికి 70, 80 చుట్లు చాలు, గరగరమని వణికితే ఇంకా తగ్గించండి.

వీటికి టైరు వేడిచేసే ఎక్కించవచ్చు. బిగుతు వ్యాసంలో వెయ్యో వంతు, అంటే 100 మి.మీ.కి రింగు లోపలి వ్యాసం 0.1 మి.మీ. తక్కువ. స్టీల్‌ని గది వేడి కంటే 200 డిగ్రీలు పెంచితే ఆ సైజులో సుమారు 0.24 మి.మీ. వ్యాకోచిస్తుంది కాబట్టి ఇంట్లో వాడే ఓవెన్ వేడి సరిపోతుంది, ఎర్రగా కాల్చాల్సిన పనిలేదు. చక్రాన్ని చల్లగా, మెట్టు సిద్ధంగా ఉంచుకుని ఒకే ఊపులో దించాలి, సగంలో ఆగిందంటే అక్కడే పట్టేస్తుంది. తనంతట తాను చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి.

సిలిండర్‌లోకి ఆవిరిని వదిలే వాల్వ్ గేర్ ఫ్రేముల లోపల ఉన్న ఇంజిన్ అయితే చక్రాలు లాగేముందు ఇరుసు మీది ఎక్సెంట్రిక్‌లకీ (వాల్వ్‌ని కదిపే, కేంద్రం పక్కకి జరిగిన బిళ్లలకీ) క్రాంక్ పిన్‌కీ మధ్య ఉన్న కోణాన్ని గీత గీసి గుర్తు పెట్టుకోండి. చక్రాలు క్వార్టరింగ్ సరిగ్గా కుదిరినా ఈ కోణం జరిగితే ఆవిరి తప్పు సమయంలో సిలిండర్‌లోకి వెళ్లి, ఇంజిన్ ఒక దిక్కుకి బాగా, రెండో దిక్కుకి ఈసురోమంటూ నడుస్తుంది.